గేటుకి చెరోపక్క

ఆ ఎండాకాలం మా అమ్మ గేటు బయట కూర్చుంది, మా నాన్న గేటు లోపల కూర్చున్నాడు. పొద్దున్న ఒకే బండి మీద వచ్చేవారు, సాయంత్రం ఒకే బండి మీద ఇంటికెళ్ళేవారు. మధ్యలో పగలంతా ఇద్దరి మధ్యా ఇనప ఊచలు. మా ఊరివాళ్ళకి అదొక వింత. కశింకోట సెంటర్లో ఆటోవాళ్ళు నాన్న బండి ఆపి మరీ, "ఏటి బావా, నీ ఇంటిది అవతల పార్టీ అట కదా" అని అడిగేవారు. నాన్న నవ్వేసి ఊరుకునేవాడు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. నా కుర్చీ సరిగ్గా ఆ గేటుకి ఎదురుగా, ఆఫీసు గది కిటికీ పక్కన ఉండేది. ఆ కంపెనీలో హెచ్.ఆర్. అసిస్టెంటుని నేను.

కంపెనీ అంటే మరీ పెద్దదేం కాదు. గంగాధరం గారిది. తాతల నాటి నుంచీ అనకాపల్లి మార్కెట్లో బెల్లం వ్యాపారం వాళ్ళది. ఈయన హయాంలో హైవే పక్కన రేకుల షెడ్లు వేయించి, బెల్లం పొడి, పల్లీ పట్టీ, నువ్వుల పట్టీ చేయించి విశాఖపట్నం సూపర్‌మార్కెట్లకి పంపడం మొదలుపెట్టారు. పని చేసేదంతా ఆడవాళ్ళే. అమ్మ మొదటి రోజుల్లోనే చేరింది. నాన్న అంతకు ముందు నుంచే ఆయన కారు డ్రైవరు.

గంగాధరం గారు మంచి మనిషి. మాట వరసకి అనడం లేదు. పనిలో ఉన్న ప్రతి ఆడమనిషి పిల్లల పేర్లూ ఆయనకి తెలుసు. ఎవరింట్లో పెళ్ళయినా ముందు రోజే గుండిగలూ స్టౌలూ వ్యాన్లో వచ్చి దిగేవి. నా వోణీల ఫంక్షన్‌కి వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా, బంతిలో అందరికీ జిలేబీ వడ్డించారు. నేను డిగ్రీ పాసయినప్పుడు, "ధనశ్రీ ఎంబీఏ చదువుతుంది అప్పారావ్, తర్వాత మన దగ్గరే ఉద్యోగం" అని నాన్నతో చెప్పారు. నన్నెవరూ అడగలేదు. నాకూ చదవాలనే ఉంది కాబట్టి, అడగలేదన్న సంగతి నాకు కనపడలేదు.

ఎంబీఏలో మాకొక పాఠం ఉండేది. సంస్థని చూసే పద్ధతులు కొన్ని ఉన్నాయట. అందులో ఒకదాని ప్రకారం సంస్థ అంటే ఒక కుటుంబం. యజమానికీ పనివాళ్ళకీ ఒకటే లక్ష్యం. అందరి మేలూ ఒకటే. ఒకవేళ గొడవంటూ వస్తే, విషయం సరిగ్గా చెప్పకపోవడం వల్లనో, బయటివాళ్ళెవరో ఎగదోయడం వల్లనో వస్తుంది తప్ప, వేరే కారణం ఉండదు. ఇలాంటి చోట సంఘాలతో పనిలేదు. మా క్లాసులో చాలామందికి ఆ పాఠం తలకెక్కలేదు. నాకు మాత్రం చదువుతూంటే గంగాధరం గారే కనబడ్డారు. పరీక్షలో అదే రాశాను, మంచి మార్కులొచ్చాయి.

ఉగాదికి గంగాధరం గారబ్బాయి రామ్‌గోపాల్ గారు అందరికీ పసుపుపచ్చ టీషర్టులు కుట్టించారు. వాటి మీద "ఒన్ ఫ్యామిలీ, ఒన్ వాయిస్" అని ఉండాలన్నారు. ఆడవాళ్ళకి అర్థం కాదేమో తెలుగులో పెడదామని నేనే అన్నాను. "ఒకే ఇల్లు, ఒకే మాట" అని నేనే రాసిచ్చాను. చీరల మీద ఆ చొక్కాలు తొడుక్కుని అందరూ షెడ్డు ముందు నిలబడితే ఫోటో తీశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ తన చొక్కా ఒళ్ళో పరుచుకుని, అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"నువ్వు రాసేవట కదే."

"అవునమ్మా. బాగుందా?"

"బాగుంది. ఒకే మాట అన్నావు. ఎవలి మాటే?"

నాన్న పెరట్లో బండి కడుగుతున్నవాడు అక్కణ్ణుంచే, "సావుకారు బాబు మాట. ఇంకెవల్ది" అన్నాడు. అమ్మ చొక్కా మడతపెట్టి పెట్లో పెట్టింది.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. అన్నిటికంటే కష్టమైంది పాకం గది. అందులో పెద్ద కడాయిల్లో బెల్లం పాకం ఉడుకుతూ ఉంటుంది, పైన రేకులు, ఎదురుగా మంట. పాకం ముదరకుండా చూస్తూ, గరిట ఆపకుండా తిప్పాలి. పగటిపూట ఆ గదిలోకి వెళ్ళొస్తే చెవులు కాలేవి. ఒక మధ్యాహ్నం బుల్లమ్మ అనే ఆవిడ గరిట తిప్పుతూ తిప్పుతూనే తూలి పడిపోయింది. అదృష్టం బాగుండి వెనక్కి పడింది. అయినా చెయ్యి మోచేతి దాకా కాలింది.

గంగాధరం గారు భోజనం దగ్గర నుంచి లేచి వచ్చారు. తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, నాన్నే నడిపాడు. చీకటి పడేదాకా ఆ వార్డు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. మర్నాడు పళ్ళు పంపారు, ఆవిడకి నయమయ్యేదాకా పనికి రావక్కర్లేదని కబురు చేశారు, పాకం గదికి రెండు పెద్ద కూలర్లు తెప్పించారు. కూలర్లకి కొబ్బరికాయ కొట్టించారు కూడా. ఆ తడిగాలికి పాకం కుదరక, పట్టీలు జిగురుగా తయారవుతున్నాయని ఆ వారంలోనే వాటిని రామ్‌గోపాల్ గారు పక్కన పెట్టించారు.

మా పద్ధతిలో ఎవరికైనా ఏదైనా కష్టం ఉంటే నేరుగా గంగాధరం గారి గదికి వెళ్ళి చెప్పుకోవచ్చు. తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందని ఆయన గొప్పగా చెప్పుకునేవారు. అమ్మ ఒకరోజు అలాగే వెళ్ళింది. సాయంత్రం ఇంటికొచ్చి, చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి తనలో తనే నవ్వుకుంటోంది.

"ఏమైందమ్మా? చెప్పావా?"

"తలుపు తీసే ఉంది. ఎల్లేను. కూకోబెట్టేరు. మోకాలి నొప్పి ఎలాగుంది కాసులమ్మా అన్నారు. మజ్జిగ తెప్పించేరు. తాగేను. దణ్ణం ఎట్టేను. వచ్చీసేను."

"అదేమిటి? పాకం గది సంగతి?"

"అంత మంచిగా మాటాడతా ఉంటే మద్దిలో ఎలాగంటావే? అన్నం ఎడతన్న మనిసితో ఉప్పు తక్కువైందంటే ఎలాగుంటాది?" కాసేపు ఊడ్చి మళ్ళీ ఆగింది. "ఒక్కదాన్నెల్తే మజ్జిగ తాగి వచ్చీత్తన్నాను. అందరం ఎల్తే అన్ని గలాసులుండవు కదా. అప్పుడు సెప్పొచ్చు."

రెండు రోజుల తర్వాత నిజంగానే అందరూ కలిసి వెళ్ళారు. గది పట్టక సగం మంది వరండాలో నిలబడ్డారు. నేను గంగాధరం గారి పక్కన ఫైలు పట్టుకుని నిలబడ్డాను. రామ్‌గోపాల్ గారు కిటికీ దగ్గర ఉన్నారు.

"ఎండలు తగ్గేదాకా పాకం పని తెల్లారగట్ల మొదలెట్టి, పొద్దెక్కేసరికి ఆపించండి బాబు" అంది అమ్మ. "అలాగే గరిట కాడ ఒక్క మనిసి కాకుండా ఇద్దర్ని ఎట్టండి. ఒకలు తిప్పితే ఒకలు కూకుంటారు."

"రేపట్నుంచే" అన్నారు గంగాధరం గారు, అమ్మ మాట పూర్తి కాకముందే. "ఇంతకీ ఈ మాత్రానికి ఇంతమంది రావాలా? నువ్వొక్కదానివి చెబితే కాదంటానా?"

"ఇంకోటుంది బాబు. మాలో ముగ్గురు నెలకోసారి మీకాడ కూకుని మాటాడతారు. ఆ ముగ్గురెవలో మేవే అనుకుంటాం."

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది గాని, కళ్ళు మారాయి. "ఎందుకమ్మా? నా దగ్గరికి రావడానికి మీకు మధ్యలో మనుషులెందుకు?"

"దసరాకి మాకు బోయనాల గది ఇచ్చేరు బాబు. ఫేన్లు కూడా ఏయించేరు. సీజను రాగానే అందులో అట్టపెట్టెలు ఎట్టీసేరు. అప్పట్నించీ గోడ నీడన కూకుని తింతన్నాం. మీకు తెలుసా?"

గంగాధరం గారు కొడుకు వైపు చూశారు. "స్టాక్ ఎక్కువైంది నాన్నా. టెంపరరీ" అన్నారు రామ్‌గోపాల్ గారు.

"ఇవాళే ఖాళీ చేయిస్తాను" అన్నారాయన.

"సేయిత్తారు. మీరు మంచోరు. మళ్ళీ సీజనొత్తాది" అంది అమ్మ. ఆ గొంతులో కోపం లేదు. చంటిపిల్లకి గోరుముద్ద తినిపిస్తున్నట్టు మెల్లగా చెబుతోంది. "మీకు గుర్తున్నన్నాళ్ళు ఉంటాది, గుర్తు లేకపోతే పోద్ది. మా ముగ్గురు మీకాడ కూకుంటే గుర్తు సేత్తారు బాబు. అంతే."

"అంటే సంఘం."

"పేరు మీ ఇట్టం."

"నేనెప్పుడైనా మిమ్మల్ని పరాయివాళ్ళలా చూశానా కాసులమ్మా?" అన్నారు. "ఇంట్లో సంఘాలుండవు." ఆయనే లేచి, తన గదిలోంచి తనే బయటికెళ్ళిపోయారు.

మర్నాడు అమ్మావాళ్ళు పనిలోకి వెళ్ళలేదు. గేటు బయట వేపచెట్టు నీడలో గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. నినాదాల్లేవు, జెండాల్లేవు. చింతపండు గింజలు తీసేవాళ్ళు తీస్తున్నారు, పిల్లకి జడ అల్లేవాళ్ళు అల్లుతున్నారు. అడిగిన రెండూ ఇచ్చాక కూడా మూడోదాని కోసం పని మానేశారంటే రామ్‌గోపాల్ గారికి నమ్మశక్యం కాలేదు. నన్ను గదిలోకి పిలిచారు.

"వీళ్ళకి ఇంత ఆలోచన సొంతంగా రాదు ధనశ్రీ. ఎవరో వెనకాల ఉన్నారు. ఏ యూనియన్ వాళ్ళో కనుక్కో."

నా పాఠంలో ఉన్న వాక్యమే అది. తెలుగులో వినేసరికి ఎందుకో వేరేలా ఉంది.

"వెనకాల ఎవరూ లేరు సార్" అన్నాను. "ముందు మా అమ్మ ఉంది."

ఆయన నన్ను చాలాసేపు చూసి, వెళ్ళమన్నారు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. పోలేదు గాని, ఆ తర్వాత కొన్నాళ్ళు నాకు పనేమీ చెప్పలేదు. కిటికీలోంచి గేటు చూస్తూ కూర్చోవడమే నా పని.

ఆ గేటు దగ్గర రోజూ జరిగేది నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. పొద్దున్న నాన్న బండి ఆపి అమ్మని దింపేవాడు. అమ్మ సంచి అందుకుని వేపచెట్టు కిందకి వెళ్ళేది, నాన్న బండి నెట్టుకుంటూ లోపలికి వచ్చి, కారు తుడవడం మొదలెట్టేవాడు. మధ్యాహ్నం అమ్మ గేటు దగ్గరకొచ్చి ఊచల సందులోంచి క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే అందించేది. నాన్న లోపల గట్టు మీద కూర్చుని తినేవాడు, అమ్మ బయట నిలబడి తినడం అయ్యేదాకా చూసేది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది. మీయవతలోళ్ళు తిన్నారా?"

"తిన్నారు. మీ యివతలాయన తిన్నారా?"

"బాబు సరిగా తినడం లేదే. పెరుగన్నం కూడా ఒగ్గీసేరు."

అమ్మ ముఖం చిన్నబోయేది. "ఎండలకి అలాగే ఉంటాది. రాగంబలి తాగమని సెప్పు" అనేది.

ఇంట్లో మాత్రం వాదనలు తప్పేవి కాదు. నాన్నకి షావుకారంటే ప్రాణం. "ఆ బాబు లేపోతే ఈ గుంటకి సదువెక్కడిది? నీకు మోకాలికి డాట్రుని సూపించిందెవలు? అడిగింది ఇచ్చేక కూడా గుమ్మం ముందు కూకుంతావా?" అనేవాడు. అమ్మ కూర తరుగుతూ, "బాబు మంచోడు కాడని నానన్నానా? మంచోడని సెప్పి నోరు మూసుకోవాలేటి?" అనేది. కత్తిపీట చప్పుడు పెరిగేది. నాన్న బయటికెళ్ళి బండి మళ్ళీ ఒకసారి కడిగేవాడు. తర్వాత ఇద్దరూ ఒకే కంచం ముందు పెట్టుకుని ముంజెలు ఒలుచుకు తినేవారు. నేను అటూ ఇటూ కాకుండా మధ్యలో కూర్చునేదాన్ని.

రోజులు గడిచేకొద్దీ సరదా తగ్గింది. బుల్లమ్మ ఇంట్లో గ్యాసు అయిపోతే కట్టెల పొయ్యి ముట్టించింది, కాలిన చెయ్యి పైకెత్తి పట్టుకుని. కొందరు చెట్టు కిందకి రాకుండా మొహం చాటేయడం మొదలెట్టారు. కడాయిలు చల్లారిపోయాయి. విశాఖపట్నం నుంచి సరుకేదని ఫోన్లు. రామ్‌గోపాల్ గారు ఒడిశా నుంచి పనివాళ్ళని తెప్పించే ఏజెంటుతో మాట్లాడుతున్నారని నాకు తెలిసింది. వాళ్ళొస్తే గేటు బయట ఉన్నవాళ్ళు బయటే ఉండిపోతారు. గంగాధరం గారు కొడుక్కి సరేననలేదు, వద్దనీ అనలేదు. ఆ సంగతి నేను ఇంట్లో చెబితే అమ్మ చేటలో బియ్యం ఏరుతూ ఆగింది. తర్వాత, "రానీ. వచ్చినోళ్ళకి కూడా ఆ గది ఏడిగానే ఉంటాది" అంది. ఆ రాత్రి అన్నం మాత్రం సరిగ్గా తినలేదు.

మే నెల మధ్యలో ఒక పొద్దున్న గంగాధరం గారు విశాఖపట్నం బయల్దేరారు, సూపర్‌మార్కెట్ వాళ్ళని గడువడగడానికి. కాగితాలు పట్టుకుని నన్ను కూడా రమ్మన్నారు. ముందు సీట్లో నాన్న పక్కన కూర్చున్నాను. గేటు తీయగానే ఆడవాళ్ళంతా లేచి దారిచ్చారు. కారుకి అడ్డం రాకుండా అమ్మ మంచినీళ్ళ కుండ పక్కకి జరిపింది. గంగాధరం గారు తలతిప్పుకుని కూర్చున్నారు.

లంకెలపాలెం దాటాక వెనక సీట్లోంచి మాట వినబడింది.

"అప్పారావ్."

"బాబు."

"నీ భార్యకి నువ్వు చెప్పలేవా?"

నాన్న గేరు మార్చాడు. "సెప్పేను బాబు. బాబు మంచోరు, నువ్వు సేసింది తప్పు అని సెప్పేను."

"నీ మాట వినదా?"

"ఇంటాది బాబు. ఇని, కాదంటాది."

నేను ఒళ్ళో కాగితాలు గట్టిగా పట్టుకున్నాను. ఆయన ముందు నాన్న ఏనాడూ రెండో వాక్యం మాట్లాడి ఎరగడు.

"మరి నువ్వు ఊరుకుంటావా?"

"ఊరుకోను. నానూ అంతాను, ఆవిడా అంతాది. ఒకోపాలి నాది సరైందని ఆవిడకి తోచుద్ది, ఒకోపాలి ఆవిడదే సరైందని నాకు తోచుద్ది. తోచకపోతే రెండూ అలాగే ఉంటాయి." ముందున్న లారీని దాటించి, మళ్ళీ అందుకున్నాడు. "మా ఇల్లు సిన్నదే బాబు. అయినా రెండు మాటలు పడతన్నాయి."

గాజువాక దగ్గర ట్రాఫిక్కులో కారు ఆగింది. "మా ఇంట్లో నా మాటకి ఎవరూ ఎదురు చెప్పరు" అన్నారు గంగాధరం గారు, ఎవరితోనూ కాదన్నట్టు. "మా ఆవిడ శ్యామల ఇన్నేళ్ళలో ఒక్కసారీ కాదనలేదు."

నాన్న అద్దంలోంచి వెనక్కి చూసి, మళ్ళీ రోడ్డు వైపు చూశాడు. పచ్చ సిగ్నలు పడింది.

"నేనూ ఏదీ అడిగినట్టు గుర్తు లేదనుకో" అన్నారాయన, కిటికీ వైపు తిరిగి.

సూపర్‌మార్కెట్ వాళ్ళు కొంచెం గడువిచ్చారు. తిరిగొచ్చి ఇంటి దగ్గర దిగేటప్పుడు ఆయన, "నువ్వు తిన్నావా అప్పారావ్?" అని అడిగారు.

మర్నాడు పొద్దున్న కారు గేటు దగ్గరకొచ్చి, లోపలికి రాకుండా బయటే ఆగింది. ముందు గంగాధరం గారు దిగారు, తర్వాత ఆయన భార్య శ్యామలాదేవి గారు దిగారు. ఆవిడ్ని మేము పండగలకి వాళ్ళింట్లో చూడటమే గాని, ఫ్యాక్టరీలో ఎన్నడూ చూడలేదు. షెడ్లు కట్టిన నాటి నుంచీ ఆవిడ ఇక్కడ అడుగు పెట్టలేదట. నాన్న తర్వాత చెప్పాడు. ముందు రోజు సాయంత్రం ఆయన ఇంట్లో, "నీకేమైనా కావాలా శ్యామలా?" అని అడిగితే, ఆవిడ మొదట కంగారు పడి ఒంట్లో బాగాలేదా అన్నారట. తర్వాత, "మన ఫ్యాక్టరీ ఒకసారి చూడాలని ఎప్పట్నుంచో ఉంది" అన్నారట.

ఆవిడ లోపలికెళ్ళారు. పాకం గదిలో ఒక్క కడాయి కింద మాత్రం నాన్న చేత మంట పెట్టించి, ఎలా చేస్తారో చూస్తానన్నారు. ఎంతోసేపు ఉండలేదు. చీర చెంగుతో మెడ తుడుచుకుంటూ బయటికొచ్చి, భర్తతో మెల్లగా ఏదో అన్నారు. మాకు వినబడలేదు. ఆయన మాత్రం తలూపారు.

తర్వాత ఆయన గేటు దాటి వేపచెట్టు కిందకి వచ్చారు. నేను కుర్చీ తీసుకుని పరిగెత్తాను. వద్దని గోనెపట్టా అంచు మీద కూర్చున్నారు. పంచె మట్టి అయింది. అందరూ సర్దుకుని కొంగులు కప్పుకున్నారు. 

"మీరంతా నా మీద అలిగారనుకున్నాను" అన్నారాయన.

"అలిగితే మాటాడ్డం మానెత్తాం బాబు" అంది అమ్మ. "మాటాడతామంతన్నాం. అలకేటి?"

ఆయన నేల చూస్తూ కూర్చున్నారు. నవ్వుతున్నారో ఏమో మీసాలు కదిలాయి. "సరే. ఎవరా ముగ్గురు?"

అమ్మ కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి ఆయనకిచ్చింది. అంతే జరిగింది. చప్పట్లు లేవు. గోనెపట్టాలు దులిపి మడతపెట్టుకుని ఆడవాళ్ళు లోపలికెళ్ళిపోయారు. పాకం వాసన మళ్ళీ మధ్యాహ్నానికి హైవే దాకా వచ్చింది.

ఆ ముగ్గురూ అమ్మ, బుల్లమ్మ, ప్యాకింగులో పనిచేసే ఇందు. ఇందు ఊరు చీడికాడ. మొదటి సమావేశంలోనే పెద్ద పేచీ వచ్చింది. అదీ గంగాధరం గారితో కాదు. తెల్లారగట్ల పని అంటే చీడికాడ వైపు నుంచి ఆ వేళకి బస్సుండదని, అమ్మ ఆ మాట తమని అడక్కుండానే షావుకారుతో అనేసిందని ఇందు గట్టిగా అంది. అమ్మ తెల్లబోయింది. గంగాధరం గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ, కుర్చీలో వెనక్కి వాలి, చాలారోజుల తర్వాత హాయిగా కనబడ్డారు. ఆఖరికి సరుకు తెచ్చే వ్యాన్‌నే తెల్లారేసరికి అటు పంపడానికి ఒప్పుకున్నారు. రామ్‌గోపాల్ గారు డీజిల్ సంగతి ఎత్తారు. అదీ మాట్లాడారు. ఇంకో రెండు విషయాల్లో గంగాధరం గారు కుదరదన్నారు. ఎందుకు కుదరదో చెప్పారు. అమ్మ ఒకదానికి సరేనంది, రెండోది వచ్చే నెల మళ్ళీ అడుగుతానంది. అలాగే అడుగు అన్నారాయన.

ఆ సాయంత్రం నాన్న ఇంట్లో ఒకటే నవ్వు. "ఏటీ, నీ సంగంలోనే నీకు ఎదురు మాటా?"

"ఆ గుంట సెప్పింది నిజమే కదా" అంది అమ్మ. "నాకు తట్టలేదు."

జూన్‌లో తొలకరి పడ్డాక నాన్న తీరు మారింది. కారు తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయేవాడు, ఏదో గొణుక్కునేవాడు. ఒకరోజు షెడ్డు వెనక నిలబడి గోడతో మాట్లాడుతుంటే నేను చూశాను. "బాబు, ఒక మాట" అంటున్నాడు గోడతో. నాకు భయం వేసి అమ్మతో చెప్పాను. "సూసేను. నువ్వేటీ అనకు, అలవాటు సేసుకోనీ" అంది అమ్మ.

ఆ మాటేమిటో గంగాధరం గారి దగ్గర నాన్న అన్నప్పుడు నేను ఆఫీసు గుమ్మంలో ఉన్నాను. కారు తలుపు తీసి పట్టుకుని, ఆయన ఎక్కబోతుండగా అన్నాడు.

"బాబు, ఒక మాట. నాకు ఆదివారం కావాలండి."

"ఏ ఆదివారం? ఏదైనా ఫంక్షనా?"

"అన్నీ బాబు."

గంగాధరం గారు ఎక్కడం ఆపి నిలబడ్డారు. నాన్నకి వారంలో సెలవు రోజంటూ లేదని ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. నా చిన్నప్పట్నుంచీ లేదు. అవసరమైతే ఇచ్చేవారు, అవసరమని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు కాదు.

"ఇన్నేళ్ళూ ఎందుకడగలేదు?"

"మీరు కాదనరని తెలుసు బాబు. అందుకే అడగబుద్ధి కాలేదు."

ఆయన నాన్న భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచారు. "ఆదివారాలు నేనే నడుపుకుంటాను. స్టీరింగు పట్టుకుని చాలా రోజులైంది" అన్నారు. "ఎక్కడైనా గుద్దితే నీదే పూచీ."

మొదటి ఆదివారం మేం ముగ్గురం పూడిమడక వెళ్ళాం. అంత దగ్గర్లో ఉండి కూడా ముగ్గురం కలిసి ఎప్పుడూ సముద్రం చూడలేదు. నాన్న షావుకారిని, ఆయన చుట్టాల్ని ఎన్నోసార్లు అక్కడికి తీసుకెళ్ళాడు గాని, కారు దగ్గరే ఉండిపోయేవాడు. పడవలు అప్పుడే ఒడ్డుకి చేరాయి. అమ్మ కవ్వళ్ళ చేపలు కొందామంది, నాన్న కోనాం చేప కావాలన్నాడు. ఇద్దరూ చేపలమ్మి ముందు నిలబడి ఎంతసేపు వాదించుకున్నారంటే, ఆవిడ విసుగొచ్చి, "ముందు మీలో మీరు తేల్చుకోండి" అని వేరే బేరం చూసుకుంది. చివరికి రెండూ కొన్నారు.

ఎండ తగ్గాక ఇసకలో కూర్చున్నాం. నాన్న చెప్పులు విప్పకుండా, ఎవరైనా పిలిస్తే లేవాలన్నట్టు గొంతుక్కూర్చున్నాడు. రోడ్డు మీద హారను వినబడినప్పుడల్లా తల తిప్పేవాడు. కాసేపటికి అమ్మ వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడేటి సేయాల?"

"ఏటీ సేయకు" అంది అమ్మ. "కూకో."

నాన్న చెప్పులు విప్పి, వాటిని ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టి, కాళ్ళు చాపాడు. ఒక కెరటం పాదాల దాకా వచ్చి వెళ్ళింది. ఏమీ చేయకుండా కూర్చున్నాడు. మొదటిసారి కదా, కొంచెం కష్టపడ్డాడు గాని, పొద్దుగూకేసరికి బాగానే వచ్చేసింది.